తెరవని మూత

అక్కా,

ఈ కాగితం ముందుగదిలోనే కూర్చుని చదువు. చదవడం అయ్యేదాకా ఎవరినీ పెరట్లోకి వెళ్ళనివ్వకు. మధ్యాహ్నం నుంచి ఫోను చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. నేనే వద్దామంటే కాలికి కట్టు కట్టారు. అందుకే మా ట్యాంకరు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

మూడేళ్ళకోసారి సెప్టిక్ ట్యాంకు మూత తీసి, స్లాబు అడుగువైపు చూశాకే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. మా మునిసిపల్ ఆఫీసు రూలు అదే. నిరుడు మీ పెరట్లో నేను మూత తియ్యలేదు. దాని మీద కొత్తగా టైల్స్ వేయించావు. "నా టైల్స్ నువ్వే పగలగొడతావట్రా?" అన్నావు. టీ తాగి సంతకం పెట్టేశాను.

పొద్దున మీ మేస్త్రీయే కట్టిన ఇంకో ట్యాంకు చూడబోయాను. స్లాబు చూడ్డానికి రాయిలా ఉంది. కాలు పెట్టానో లేదో, ఫెళ్ళున విరిగి తొడదాకా దిగబడిపోయాను. ఈ డ్రైవరే చంకల కింద చేతులేసి లాగకపోతే నీకు ఈ ఉత్తరం లేదు. లోపలి గ్యాసు ఇనుప చువ్వలన్నీ తినేసింది. మీ టైల్స్ కింద స్లాబూ అలాగే ఉండి ఉంటుంది.

బావకి ఏం చెబుతావో నీ ఇష్టం. మా ఆఫీసరుకి రేపు నేనే చెప్పేస్తాను, ఉద్యోగం పోతే పోనీ.

ముందుగదిలో కూర్చోమన్నాను గానీ, నీ సంగతి నాకు తెలీదా? కళ్ళజోడు పెట్టుకోవు, ఏ కాగితమొచ్చినా వెలుతురు కోసం పెరట్లోకి పట్టుకెళ్తావు. ఇప్పుడూ ఆ టైల్స్ మీదే నిలబడి ఉంటే, మా అమ్మవు కదూ, పరుగెత్తకు. ఒక్కో అడుగే వేస్తూ గుమ్మంవైపు వచ్చెయ్యి.

నీ తమ్ముడు