దొర కారుకు బీమా

బుధవారం, కోరుట్ల

నా పాత కారును ఇకపై ఇంట్లో ఎవరూ డబ్బా అనరాదని ఇందుమూలంగా ప్రకటించడమైనది.

పొద్దున చాయ్ హోటల్లో బీమా ఏజెంటు రాజేశం ఫారం తీశాడు. "థర్డ్ పార్టీ చేస్తే ఎదుటోనికే పైసలొస్తయే అన్నా. నీ బండి కాలితే నీకు బూడిదే. ఫుల్ చేద్దాం. కానీ గీ పాత బండికి విలువ ఎక్కువ రాయాలంటే ఏదన్న చరిత్ర ఉండాలె."

నా నోరు ఊరుకుంటుందా? "గిది గడీల దొర తిరిగిన కారు" అన్నాను.

"అబ్బో, దొర కారా!" అని వాడు హోటలంతా వినేలా అరిచి, ఫారంలో రాసుకున్నాడు. మూలన చాయ్ తాగుతున్న ఇద్దరు కొత్తవాళ్లు తలెత్తి కారు వైపు చూశారు. మొన్ననే పక్క ఊళ్లో నక్సలైట్ అన్నలు ఒక దొర జీపును తగలబెట్టారు.

ఇంట్లో చెబితే మా ఇంటామె, "ముందుగాల నీ నోటికి చేపియ్యి ఇన్సూరెన్సు. రేపు పోయి గా దొర ముచ్చట కొట్టేయించు" అంది. కొట్టేయిస్తే విలువ పడిపోతుంది. ఉంచితే కారే పోవచ్చు. పెళ్లిళ్లకు దాన్ని కిరాయికి తిప్పితేనే మా పొయ్యి వెలిగేది. ఏ పాలసీ తీసుకోవాలో తేలడం లేదు. కుక్క మొరిగినప్పుడల్లా కిటికీ దగ్గరికి పోతున్నాను.

ఇక్కడన్నా నిజం రాయాలి. ఆ కారులో ఏ దొరా కూర్చోలేదు. దాన్ని వేములవాడలో ఒక కోళ్ల వ్యాపారి దగ్గర కొన్నాను. వెనక సీటు దులిపితే ఇప్పటికీ ఈకలు వస్తాయి.