తేనె ఎవరి గొంతుకి?

సర్మీతెకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, ఆవూ క్షేమం. నువ్వు క్షేమమా అని మర్యాదకి అడగడం లేదు, అనుమానంతో అడుగుతున్నాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. పక్కింటి స్కైద్రీతె మోకాలు బాగానే ఉంది, నోరు అంతకంటే బాగుంది. మీ నాన్నకి నీ మీద కోపమేమీ లేదు, ఆయనకి తేనెటీగలతోనే సరిపోతోంది. ఇక తేనె సంగతి. పోయిన నెల పంపిన పెద్ద సీసా అప్పుడే అయిపోయిందా? చిన్నప్పుడు చెంచాడు తేనె నాకించాలంటే ఇల్లంతా పరిగెత్తించేదానివి. ఇప్పుడు గొంతుకి మంచిదని సీసాలకి సీసాలు అడుగుతున్నావు.

మీ చెల్లెలు విజ్మని నీ బట్టలు ఇస్త్రీ చేసిపెట్టడానికని రీగా పట్నానికి తీసుకెళ్లావు. అప్పట్నుంచీ అది ఒక్క ఆదివారం కూడా ఇంటి మొహం చూడలేదు. అంత ఇస్త్రీ ఏముంటుందమ్మా?

మొన్న రేడియోలో నీ కొత్త పాట వేశారు. చివరి మాటకి ముందు చిన్నగా ఊపిరి పీల్చడం వినిపించింది. పాలు పితుకుతూ పాడేటప్పుడు విజ్మ అలాగే పీలుస్తుంది. ఆ మాటంటే మీ నాన్న, "నీ అనుమానానికి మందు లేదే వెల్టా! అక్కాచెల్లెళ్లు ఊపిరి కూడా వేరేగా పీల్చాలా ఏంటి?" అని నవ్వారు.

పోయిన లీగో పండుగకి మంట చుట్టూ చేరినప్పుడు స్కైద్రీతె నీ మీద పాట కట్టింది, గుర్తుందా?

"రేడియోలో కోకిలంట, లీగో లీగో,
మంట కాడ మూగదంట, లీగో!"

ఎత్తిపొడుపు పాటకి పాటతోనే బదులు చెప్పాలి కదా. నువ్వేమో గొంతు మీద చెయ్యేసుకుని నవ్వి ఊరుకున్నావు. ఊరంతా నీకు పొగరనుకుంది. మాటకి పది మాటలు అప్పజెప్పే పిల్ల ఊరుకోవడమేమిటని నన్ను మాత్రం ఆనాడే అనుమానం తొలిచింది.

ఇక దాచను. పోయిన శనివారం నారు తెస్తానని మీ నాన్నకి అబద్ధం చెప్పి రీగా బస్సెక్కాను. నీ కచేరీకి వచ్చాను. వెలుగులో నువ్వెంత బాగున్నావో! జనం నీ పేరు పెట్టి అరుస్తుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కానీ పాట ఎంత పైకెళ్లినా నీ మెడ నరం ఒక్కసారీ కదల్లేదు.

పక్క తలుపు దగ్గర కాపలావాడు ఆపాడు. "సర్మీతెకి తేనె తెచ్చాను, వాళ్లమ్మని" అన్నాను. "ఓ, ఆ తేనె మీదేనా పెద్దమ్మా! వెళ్లండి, వెళ్లండి" అన్నాడు. నల్ల తెర వెనక ముక్కాలి పీట మీద విజ్మ, కళ్లు మూసుకుని పాడుతోంది. పాటకీ పాటకీ మధ్య కప్పులోంచి నా తేనె తాగుతోంది. సీసా అక్కడ పెట్టి, అది కళ్లు తెరవకముందే వచ్చేశాను.

నీ గొంతు ఎప్పుడు పోయింది తల్లీ? డాక్టరు ఏమన్నాడు? అమ్మకి కూడా చెప్పుకోలేనంత ఒంటరిదానివైపోయావా? నీ మీద జాలిగా ఉంది. చెల్లెల్ని చీకట్లో కూర్చోబెట్టినందుకు కోపంగానూ ఉంది. రెండూ నిజమే.

ఈ లీగోకి ఇద్దరూ రండి. స్కైద్రీతె అప్పుడే కొత్త పాట కడుతోంది. ఈసారి నువ్వే బదులు చెప్పు, ఎంత బొంగురుగా ఉన్నా సరే. విజ్మ నీ పక్కన నిలబడి అందుకుంటుంది. మంట దగ్గర తెర కట్టే చోటు లేదు.

ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. పైన నీ పేరే రాశాను గానీ, రాసింది మీ ఇద్దరికీ.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ