యాంటెన్నా ఎదుట

ప్రియమైన చిన్నోడికి,

నీ ఫోన్ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ "హలో" దగ్గరే తెగింది. మా కుట్టుగది గోడలు మూరెడు మందం రాయి కదా. అందుకే ఈ ఉత్తరం.

మా మేడ మీద సెల్ యాంటెన్నా పెడతామని కంపెనీవాళ్లు వచ్చారు. అన్ని వాటాలవాళ్లూ సంతకం చేయాలట. కింద వాటా టీచరమ్మకి భయం. మీ బావేమో సిగ్నల్ వస్తుంది కదా అంటున్నారు. ఇక మిగిలింది నా సంతకం, టీచరమ్మ సంతకం. పదకొండేళ్లుగా టవర్లెక్కుతున్నావు, నువ్వే చెప్పు. ఆ తరంగాలు మనల్నేమైనా చేస్తాయా? నచ్చజెప్పకు. ఉన్నదున్నట్టు రాయి.

నీ అక్క

ప్రియమైన అక్కా,

నాకు తెలిసినంతలో చెప్తాను. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు చాలా దూరం పోతాయి, గోడల్లోంచి కొంతైనా దూరతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీవి బోలెడు డేటా మోస్తాయి గానీ నీ రాతిగోడ దగ్గర చతికిలపడతాయి. సిగ్నల్ సరిగా అందకపోతే నీ ఫోన్ ఊరుకోదు, గొంతు పెంచుతుంది, అంటే తన తరంగాల్ని ఇంకా బలంగా పంపుతుంది. చెవికి ఆనుకుని ఉండేది అదే. కాబట్టి కిటికీ దగ్గర మాట్లాడు.

ఇవి ఎక్స్‌రే లాంటివి కావు. బలం మరీ ఎక్కువైతే ఒంటిని వేడెక్కిస్తాయి. యాంటెన్నా టార్చిలైటులా ముందుకి కొడుతుంది, కింద ఇళ్లకి చేరేది బాగా తక్కువ. సరిగ్గా దాని ఎదుట, కొద్ది అడుగుల్లో నిలబడితేనే ప్రమాదం. అక్కడికి వెళ్లేది మాలాంటివాళ్లే. ముందు ఆపించి మరీ వెళ్తాం. కంగారు పడకు.

నీ తమ్ముడు

ప్రియమైన చిన్నోడికి,

నువ్వు రాసింది పరీక్షించాను. వారం రోజులు ఫోన్ కుట్టుమిషన్ పక్కన, ఇంకో వారం కిటికీలో పెట్టాను. మిషన్ పక్కన సాయంత్రానికే చార్జింగ్ అయిపోయేది. కిటికీలో మర్నాటిదాకా నిలిచింది. గొంతు పెంచడమంటే ఇదే కదూ? టీచరమ్మకీ చూపించాను. ఆవిడ భయం సగం పోయింది గానీ ఒక ప్రశ్న వేసింది. అది నీకే రాస్తున్నాను.

ఆపించి వెళ్తామన్నావు. ఆగిందని నీకెలా తెలుస్తుంది? ఇస్త్రీపెట్టె వేడి చేతికి తెలుస్తుంది. దీనికి రంగూ లేదు, చప్పుడూ లేదు కదా.

నీ అక్క

ప్రియమైన అక్కా,

ఆగిందని ఎలా తెలుస్తుందని అడిగావు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మేం ఆఫీసుకి ఫోన్ చేస్తాం. "ఆపేశాం" అంటారు. ఎక్కేస్తాం. అంతే. తరంగాలు మితిమీరితే కూతపెట్టే మీటరు ఒకటిచ్చారు, ఛాతీకి తగిలించుకోవాలి. ఊరికే గోల చేస్తుందని నాలుగేళ్లుగా సంచిలోనే పడేశాను. నీ ఉత్తరం చదివి సిగ్గేసి తగిలించుకున్నాను.

మొన్న మంగళవారం, ఆపేశామన్న టవరే. పైకి చేరి యాంటెన్నా ముందుకి ఒంగబోతుంటే మీటరు కూసింది. దిగిపోయాను. ఆరా తీస్తే వాళ్లు ఆపింది వేరే టవరు. నంబరులో ఒక్క అంకె తేడా. రెండు నిమిషాల పనే కదా, కానిచ్చెయ్యమన్నాడు మా జట్టు మేస్త్రీ.

"ఆపేదాకా ఎక్కను" అన్నాను. ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

అంతకుముందు రెండుసార్లు పైన భుజం వేడెక్కితే ఎండనుకున్నాను. ఇప్పుడు డాక్టరుకి చూపించుకున్నాను, ఏమీ కాలేదన్నారు. మా జట్టులో ఆరుగురం ఇప్పుడు మీటరు లేకుండా నిచ్చెన ముట్టుకోవడం లేదు. నువ్వు భయపడక్కర్లేదని రాశాను. అది నిజమే. భయపడాల్సింది నేను.

నీ తమ్ముడు

ప్రియమైన చిన్నోడికి,

నాలుగేళ్లు సంచిలో పడేశావా? ఎదురుపడ్డప్పుడు ఉంది నీ పని.

నేనూ టీచరమ్మా సంతకాలు చేశాం. అంతకు ముందే కాగితంలో మూడు షరతులు రాయించాం. యాంటెన్నా మేడ మీద నిలబడ్డ మనిషి ఎత్తుకి బాగా పైన ఉండాలి. పెట్టాక మా వాటాల్లో తరంగాల బలం కొలిచి చూపించాలి. రిపేరుకి వచ్చినవాళ్ల ఛాతీ మీద మీటరు కనిపిస్తేనే మేడ తలుపు తాళంచెవి ఇస్తాం.

మూడోది చదివి కంపెనీ అతను నవ్వాడు. "దీనివల్ల మీకేం ప్రమాదం లేదు కదమ్మా" అన్నాడు.

"నాకు లేదని నాకు తెలుసు" అన్నాను.

తాళంచెవి నా మిషన్ సొరుగులో ఉంది.

నీ అక్క