సెల్లార్‌లో మెషిన్ తలుపు

వెర్నన్, రాగానే కోటు కూడా విప్పకుండా సెల్లార్‌లోకి దిగి, ఆ బట్టలు ఉతికి ఆరబెట్టే పాత మెషిన్ తలుపు ఊడదీసెయ్. నా చేతికి బోల్టులు కదల్లేదు. టెస్‌ని తీసుకురావడానికి డెమాయిన్ వెళ్తున్నా. మనవరాలు ఇంట్లో అడుగుపెట్టేలోగా అయిపోవాలి.

మెషిన్ అమ్మిన మార్జరీ ఇప్పుడే ఫోన్ చేసింది. దాని వైరు మనమనుకున్నట్టు ఎలకలు కొరకలేదట, వాళ్ళమ్మే కత్తెరతో కత్తిరించేసిందట. చిన్నప్పుడు దాగుడుమూతల్లో మార్జరీ తమ్ముడు దాంట్లో దూరాడట. ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. నువ్వేమో చలికాలమంతా కూర్చుని ఆ గొళ్ళెం కొత్తదానిలా బిగించావు. వంటింటి కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

సూప్ పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను.

లొరేన్

తలుపు లోపలివైపు ఆ గీతలు ఎలా పడ్డాయా అన్నావుగా. సగం రుద్దేశావు. మిగిలినవి రుద్దకు.