లాన్ కింద సున్నం

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నేనిప్పుడు మట్టి పరీక్షల ల్యాబుల పని జేస్తున్న. పోయిన వారం షామీర్‌పేటల ఒక లాన్ మట్టి తియ్యనీకి పంపిన్రు. గేటు కాడనే ఆగిపోయిన. గడ్డికి నీళ్లు వోస్తలేవని నిన్ను మాలి పనిల నుంచి తీసేసిన ఇల్లే అది.

జానెడు లోతు తవ్విన. నాలుగు వేళ్ల మందం మట్టి కింద మొత్తం సిమెంటు, సున్నం పెళ్లలే. పరీక్షల గూడ అదే తేలింది.

ఇయ్యాల ఆ ఇంటాయనకు రిపోర్టు ఇచ్చి, "ఎన్ని నీళ్లు వోసినా గీడ గడ్డి బతకదు సార్" అన్న.

"ముగ్గురు మాలీలను మార్చినమమ్మా!"

"మొదటాయన మా బాపు."

"మట్టే మంచిగలేదు బిడ్డా" అని నువ్వు చెప్తే, నేను గూడ సాకులనే అనుకున్న, బాపూ.