మామగారు పంపిన ఫైలు

ఏమండీ, లేచాక కంప్యూటర్ జోలికి వెళ్లకండి. దానికున్న ఫోన్ వైరు నేనే పీకేశాను, మళ్లీ తగిలించకండి. సాయంత్రం మా తమ్ముడు నాసిర్ వచ్చి వైరస్ తీసేస్తాడట. పామర్రు వాళ్ల పెళ్లికార్డుకి నేను వేసిన బొమ్మలన్నీ పోయాయి. పాత ఫ్లాపీ ఏదైనా మిగిలిందేమో కనుక్కోవడానికి గవర్నర్‌పేట ప్రెస్సుకి వెళ్తున్నాను.

"మామగారు పంపిన ఈమెయిల్, తెరవకపోతే ఏం బాగుంటుంది?" అన్నారు నిన్న. పైన ఐ లవ్ యూ అని ఉన్నా అనుమానం రాలేదా మీకు? మా అబ్బా ఇన్నేళ్ల కాపురంలో మా అమ్మీతోనే ఆ మాట అనలేదు. అల్లుడితో ఇంగ్లీషులో అంటారా? ఆ వైరసే ఆయన పేరుతో ఊరందరికీ పంపేసిందట. ఈపాటికి మీ పేరుతో మీ మేనేజరు గారికీ వెళ్లే ఉంటుంది. ముందు ఆయనకి ఫోన్ చేసి తెరవొద్దని చెప్పండి. సిగ్గుపడుతూ కూర్చోకండి.

ఇకమీదట ఎవరు పంపినా, ఆఖరికి నా పేరుతో వచ్చినా సరే, అడక్కుండా ఏ ఫైలూ తెరవకండి.

అఫ్సానా

హాట్‌బాక్సులో ఖీమా ఉంది. అది నిజంగా నేనే పెట్టాను, తెరవండి.