వెలగని ఎర్ర లైటు

శుక్రవారం

సిప్పీఘాట్‌లో మా కొట్టుకి కూరగాయలు ఎక్కించుకుని తాళం తిప్పితే వ్యాను కిక్కురుమనలేదు. షాదీపూర్‌లో అందరి బళ్ళకీ వైరింగ్ పని చేసే మా ఆయన, సొంత పెళ్ళాం బండి దగ్గరికి ఇవాళ్టికి వచ్చాడు. పక్కనున్న జీపు బ్యాటరీతో స్టార్ట్ చేసి, మీటరు పెట్టి చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఛార్జింగ్ లేదంటోంది మీటరు. మరి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగట్లేదేటి?"

నేను టమాటాల వైపు చూశాను. ఆ లైటు వారం నుంచి వెలుగుతూ ఆరుతూ ఉందని చెప్పినప్పుడల్లా "కల్ దేఖేంగే, రేపు చూద్దాంలే" అన్నది ఆయనే. దాన్ని చూస్తూ నడపాలంటే భయమేసి, పైన నా నల్ల బొట్టుబిళ్ళ అంటించేశాను.

ఆయన ఆ లైటు మీది అద్దం తుడవబోతే బిళ్ళ గోటికి అంటుకొచ్చింది. తిడతాడనుకున్నాను. కాసేపు దాన్నే చూసి నవ్వేశాడు. "తప్పు నాదేలే" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు! ఉప్పుగాలికి డైనమో వైరు చిలుము పట్టిందట. గీకి బిగించాడు, పది నిమిషాల పని.

ఇంటికొస్తూ అడిగాడు, "బండిలో ఇంకెక్కడైనా అంటించావేటి?"

లేదన్నాను. బండిలో లేదు, అది నిజమే. ఇంట్లో ఇన్వర్టర్ ఎర్ర లైటు సంగతి ఆయన అడగలేదు. రేపు టీ ఇచ్చి నేనే చెప్తాను.

ఈ రాత్రికి కరెంటు పోకుండా ఉంటే చాలు.